బూర్గుల వారి గవర్నర్‌గిరీ

పాత సెక్రటేరియట్ కూలగొట్టి కొత్తది కట్టేదాకా, అంటే 2019 నుంచి 2023 ఏప్రిల్ దాకా తెలంగాణ ప్రభుత్వం చాలావరకు నడిచింది బీఆర్‌కే భవన్ నుంచే. రోజూ టీవీలో అదే పేరు, పేపర్లో అదే పేరు. ఈ బీఆర్‌కే ఎవరు అని ఆఫీసులో అడిగితే ఒకాయన అంబేద్కర్ అన్నాడు, ఇంకొకామె ఎవరో బిల్డర్ అనుకుందట. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న కుర్రాడు ఒక్కడే టక్కున చెప్పాడు, బూర్గుల రామకృష్ణారావు, హైదరాబాద్ స్టేట్ ముఖ్యమంత్రి, 1952 నుంచి 56 దాకా అని. తర్వాత ఏమయ్యాడు అంటే "గవర్నర్‌గా వెళ్లాడు సార్" అని ఆపేశాడు. సిలబస్‌లో అంతవరకే ఉన్నట్టుంది.

నాకు మాత్రం ఆ తర్వాత ఏమయ్యాడు అన్నదే అసలు కథ. ఈ మధ్య ఏ రాష్ట్రంలో చూసినా గవర్నర్ బిల్లు ఆపాడు, గవర్నర్ ప్రసంగం చదవనన్నాడు, సుప్రీం కోర్టుకి వెళ్లారు, ఇవే వార్తలు కదా. మన తెలుగోళ్లకి గవర్నర్ అనగానే గుర్తొచ్చేది 1984 ఆగస్టు, రామ్‌లాల్, ఎన్టీఆర్‌ని దించేసి నాదెండ్లని కూర్చోబెట్టడం, నెల తిరిగేసరికి మళ్లీ ఎన్టీఆరే రావడం. అంటే మనం దెబ్బ తిన్న వైపు నుంచే ఆ కుర్చీని చూశాం. ఆ కుర్చీలో మనవాడే కూర్చుని ఇంకో రాష్ట్రం ప్రభుత్వాన్ని పంపించేసిన కథ ఒకటుందని చాలామందికి తెలీదు. కేరళ వాళ్లకి మాత్రం బాగా గుర్తు, నాతో పనిచేసే త్రిశ్శూర్ అతను ఒకసారి లంచ్‌లో "మా ఈఎంఎస్‌ని దించడానికి రిపోర్ట్ రాసింది మీ హైదరాబాద్ ఆయనే" అన్నాడు, ఏదో నేనే రాసినట్టు చూసి మరీ. ఈఎంఎస్ అంటే అప్పటి కేరళ కమ్యూనిస్టు ముఖ్యమంత్రి.

ముందు మనిషి గురించి కొంచెం. పుట్టింది 1899లో, కల్వకుర్తి వైపు పడకల్లు అనే ఊళ్లో, అది అమ్మమ్మగారి ఊరు. సొంతూరు షాద్‌నగర్ దగ్గర బూర్గుల, అసలు ఇంటిపేరు పుల్లమరాజు, ఊరి పేరే ఇంటిపేరై కూర్చుంది. పూనా ఫెర్గూసన్ కాలేజీలో బీఏ, బొంబాయి యూనివర్సిటీలో లా, తర్వాత హైదరాబాద్‌లో వకాల్తీ. తెలుగు, ఉర్దూ, ఫార్సీ, సంస్కృతం, మరాఠీ, కన్నడ, ఇంగ్లీష్ అన్నీ వచ్చు, వచ్చు అంటే మాట్లాడ్డం కాదు, కూర్చుని కవిత్వం గురించి వాదించేంత. పీవీ నరసింహారావు లాయర్‌గా మొదలుపెట్టింది ఈయన దగ్గర జూనియర్‌గానే. ఆ సంగతికి చివర్లో మళ్లీ వస్తా.

1921లో వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడితే గోల చేసి కూర్చోబెట్టారు చూడండి, ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పెట్టిన గుంపులో ఈయన ఉన్నాడు, అప్పటికి 22 ఏళ్లు. 1931లో దేవరకొండలో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకి అధ్యక్షుడు. నిజాం టైంలో జైలుకి వెళ్లొచ్చాడు. పోలీస్ యాక్షన్ అయ్యాక 1950లో ఢిల్లీ వాళ్లు ఎం.కె. వెల్లోడి అనే ఐసీఎస్ ఆఫీసర్ని హైదరాబాద్ ముఖ్యమంత్రిగా పెట్టారు, ఆయన మలయాళీ, ఆ ప్రభుత్వంలో బూర్గుల రెవెన్యూ మంత్రి. మలయాళీ ఆయన మన దగ్గరికొచ్చి పాలిస్తే, ఆరేళ్లకి మనాయన అక్కడికి పోయి కూర్చున్నాడు, లెక్క సరి.

ఆ రెవెన్యూ మంత్రి టైంలో వచ్చిందే 1950 కౌలుదారీ చట్టం. తెలంగాణలో భూమి కేసులు చూసినవాళ్లకి రక్షిత కౌలుదారు అనే మాట, 38-ఈ సర్టిఫికెట్ (కౌలుదారుకి భూమి మీద హక్కు ఇచ్చే కాగితం) అనే మాట తెలియకుండా ఉండవు, ఇవాళ్టికీ కోర్టుల్లో అవే కేసులు, ఆ గొడవలన్నీ పుట్టింది ఆ చట్టంలోంచే. అప్పుడు పల్లెల్లో ఇంకా సాయుధ పోరాటం నడుస్తోంది, కమ్యూనిస్టులు దున్నేవాడికే భూమి అని తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారు, సర్కారుకి ఏదో ఒకటి చెయ్యక తప్పలేదు అనేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ చట్టం అయితే చేశాడు, కాగితం మీదైనా కౌలు రైతుకి ఒక హక్కు వచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కేరళలో పనికొస్తుంది.

1952 ఎన్నికల్లో హైదరాబాద్ అసెంబ్లీలో 175 సీట్లకి కాంగ్రెస్‌కి 93 వచ్చాయి, పీడీఎఫ్ పేరుతో పోటీ చేసిన కమ్యూనిస్టులకి 42. నల్లగొండ పార్లమెంటు సీట్లో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీ వచ్చింది. మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రి అయ్యాడు. ఇక్కడ నాకు భలే అనిపించే విషయం, ఆ రోజుల్లో హైదరాబాద్ స్టేట్‌కి గవర్నర్ లేడు, రాజ్‌ప్రముఖ్ అని ఉండేవాడు, ఆ రాజ్‌ప్రముఖ్ ఎవరో కాదు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖానే. ఎవరి రాజ్యంలో జైలుకెళ్లాడో ఆయన పేరు మీదే నాలుగున్నరేళ్లు ప్రభుత్వం నడిపాడు. నిజాం సంతకాలు పెట్టేవాడు, పాలన వీళ్లు చేసేవాళ్లు. అంటే పైన కూర్చున్నవాడు ఊరికే ఉంటే కింద పని ఎలా సాగుతుందో బూర్గులకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తనే ఆ పైకుర్చీ ఎక్కాక ఏం చేశాడన్నది తర్వాతి సంగతి.

విశాలాంధ్ర గొడవ, అంటే ఆంధ్రని తెలంగాణని కలపాలా వద్దా అన్నది, పూర్తిగా రాస్తే ఈ పోస్ట్ అవదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన మీద వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణని 1961 దాకా వేరుగా ఉంచమంది. జనం కూడా వేరుగానే ఉండాలనుకుంటున్నారని బూర్గుల అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు ధేబర్‌కి ఉత్తరం రాశాడు, తర్వాత ఢిల్లీ మాటకి తలొగ్గి విలీనానికి ఒప్పుకున్నాడు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో పెద్దమనుషుల ఒప్పందం, అటు నలుగురు ఇటు నలుగురు, తెలంగాణ వైపు బూర్గుల, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది, ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. రెండు ముక్కల్ని కలిపితే ఇద్దరు ముఖ్యమంత్రులు మిగులుతారు కదా, ఇటు బూర్గుల, అటు బెజవాడ గోపాలరెడ్డి, ఇద్దరికీ ఆ కుర్చీ రాలేదు. గోపాలరెడ్డి మంత్రివర్గంలో సర్దుకున్నాడు. బూర్గులని నవంబర్ 22న కేరళ గవర్నర్‌ని చేశారు, మూడు వారాల తేడాతో. దీన్ని కొందరు త్యాగానికి గౌరవం అంటారు, కొందరు అడ్డు తీసేశారంటారు. నేనైతే రెండూ అంటాను. ఇప్పటికీ గవర్నర్ పోస్టులు అలాగే కదా పంచేది, రాష్ట్రంలో ఉంటే ఇబ్బంది, ఇంట్లో కూర్చోబెడితే మర్యాద కాదు, అయితే రాజ్‌భవన్.

ఇక కేరళ. అది కూడా నవంబర్ 1నే పుట్టింది, పుట్టడమే రాష్ట్రపతి పాలనలో పుట్టింది. కాబట్టి బూర్గుల వెళ్లేసరికి అక్కడ ముఖ్యమంత్రి లేడు, పరిపాలన ఆయన చేతిలోనే. 1957 ఎన్నికల్లో 126 సీట్లకి కమ్యూనిస్టు పార్టీకి 60 వచ్చాయి, ఇంకో ఐదుగురు ఇండిపెండెంట్లు వాళ్ల వైపు. అతుకుల మెజారిటీ, గవర్నర్ కావాలనుకుంటే నాన్చొచ్చు, 1952లో మద్రాసులో కాంగ్రెస్‌కి మెజారిటీ రాకపోయినా రాజాజీని పిలిచి కూర్చోబెట్టిన ఉదాహరణ అప్పటికే ఉంది. బూర్గుల ఆ పని చెయ్యలేదు. ఏప్రిల్ 5న ఈఎంఎస్ నంబూద్రిపాద్ చేత ప్రమాణం చేయించాడు. హైదరాబాద్ అసెంబ్లీలో నాలుగున్నరేళ్లు ఎదురుగా కూర్చుని తిట్టిన పార్టీ, దాన్నే ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టాడు. సొంత ఇంట్లోనే తమ్ముడి కొడుకో అన్న కొడుకో, వరస సరిగ్గా గుర్తులేదు గానీ, బూర్గుల నర్సింగరావు పేరున్న కమ్యూనిస్టు విద్యార్థి నాయకుడు, కాబట్టి ఎర్రజెండా ఆయనకేం కొత్త కాదు.

వారం తిరక్కుండానే, ఏప్రిల్ 11న, కొత్త ప్రభుత్వం కౌలుదార్లని భూముల్లోంచి వెళ్లగొట్టడం ఆపుతూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆర్డినెన్స్ అంటే గవర్నర్ పేరు మీద వచ్చేదే. ఏడేళ్ల కింద హైదరాబాద్‌లో కౌలుదారీ చట్టం తెచ్చిన మనిషికి దాంట్లో తప్పేం కనపడి ఉండదు. ఆ మొదటి నెలలు చూస్తే గవర్నర్‌కీ ముఖ్యమంత్రికీ పెద్ద తకరారేం కనిపించదు నాకు. ఇద్దరూ సంస్కృతం చదివిన బ్రాహ్మణ కుటుంబాల వాళ్లు, ఇద్దరూ రాయడం చదవడం పిచ్చి ఉన్నవాళ్లు, ఒకరు కాంగ్రెస్ ఒకరు కమ్యూనిస్టు.

గొడవ మొదలైంది స్కూళ్ల దగ్గర. విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి 1957లోనే ఎడ్యుకేషన్ బిల్లు పెట్టాడు. కేరళలో స్కూళ్లలో చాలా భాగం ప్రైవేటు మేనేజ్‌మెంట్లవి, ముఖ్యంగా చర్చిలవి, తర్వాత నాయర్ సర్వీస్ సొసైటీవి. సర్కారు గ్రాంట్ ఇస్తుంది, టీచర్ని పెట్టేది తీసేసేది మాత్రం మేనేజరు. బిల్లు ఏమంటుందంటే టీచర్ల జీతం సర్కారే నేరుగా ఇస్తుంది, నియామకాలు సర్కారు లిస్టులోంచే చెయ్యాలి, మరీ అధ్వాన్నంగా నడిపితే స్కూలు స్వాధీనం చేసుకుంటుంది. బయట పెద్ద గోల. బిల్లు సభలో పాసై గవర్నర్ దగ్గరికొస్తే బూర్గుల సంతకం పెట్టకుండా రాష్ట్రపతికి పంపించాడు. రాజేంద్రప్రసాద్ దాన్ని సుప్రీం కోర్టు అభిప్రాయానికి పంపాడు, 1958 మే 22న కోర్టు కొన్ని క్లాజులు మైనారిటీల హక్కులకి తగులుతున్నాయంది, ప్రభుత్వం మార్చి మళ్లీ పాస్ చేసింది, 1959 మొదట్లో ఆమోదం వచ్చింది. చెప్పాలంటే ఇది పద్ధతిగానే జరిగింది. ఇప్పుడు గవర్నర్లు బిల్లుని ఏళ్లకేళ్లు సొరుగులో పెట్టుకుని ఎటూ చెప్పకుండా కూర్చుంటున్నారు చూడండి, దానికంటే అనుమానం ఉంటే పైకి పంపించి కోర్టుతో తేల్చుకోవడం ఎంతో నయం. మైనారిటీ విద్యాసంస్థల కేసుల్లో లాయర్లు ఇప్పటికీ ఆ 1958 అభిప్రాయాన్ని వాడతారు.

1959 వేసవికి మాత్రం చెయ్యి దాటిపోయింది. జూన్ 10న భూసంస్కరణల బిల్లు సభలో పాసైంది, జూన్ 12 నుంచి విమోచన సమరం, అంటే ఈఎంఎస్ ప్రభుత్వం పోవాలన్న ఉద్యమం. చర్చి, మన్నత్తు పద్మనాభన్ నడిపించిన నాయర్ సొసైటీ, ముస్లిం లీగ్, పీఎస్‌పీ (ప్రజా సోషలిస్ట్ పార్టీ), కాంగ్రెస్, మామూలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లంతా ఒక్కటయ్యారు. స్కూళ్ల ముందు పికెటింగ్, బస్సులు ఆపడం, వేలమంది అరెస్టు. జూన్ 13న అంగమాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. తీరంలో జాలర్ల ఊళ్లలో కూడా కాల్పులు, జూలై మొదట్లో చెరియతురలో ఫ్లోరీ అనే గర్భిణి చనిపోయింది, ఆ పేరు ఉద్యమం అంతా పాకిపోయింది. కార్మికుల పార్టీ ప్రభుత్వం పేదవాళ్ల మీద కాల్పులు జరిపితే ఇక ఏం చెప్పుకుంటుంది, ఇది కమ్యూనిస్టుల తప్పు కాదనలేం. జూన్ చివర్లో నెహ్రూ వచ్చి చూసి, రాజీనామా చేసి ఎన్నికలకి వెళ్లండి అని సలహా ఇచ్చాడు. పార్టీ ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే చరిత్రలో వాళ్లకీ బాగుండేది, బూర్గులకీ బాగుండేది అనిపిస్తుంది నాకు.

ఢిల్లీలో అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షురాలు ఇందిర, దించేయాల్సిందే అని పట్టు. ఆమె భర్త ఫిరోజ్ గాంధీ మాత్రం ఇది తప్పు అని బాహాటంగానే అన్నాడు. నెహ్రూ కిందా మీదా పడ్డాడు. ఇంతమంది ఇంత ఆలోచించినా రాజ్యాంగం 356 ప్రకారం, అంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టే అధికరణం ప్రకారం, ముందుకి పోవాలంటే మామూలుగా ఒక కాగితం కావాలి, గవర్నర్ రిపోర్టు. అది తిరువనంతపురం నుంచి వెళ్లింది. సారాంశం ఏంటంటే ప్రభుత్వం ప్రజల్లో అత్యధికుల మద్దతు పోగొట్టుకుంది, రాజ్యాంగబద్ధంగా పాలన సాగే పరిస్థితి లేదు. 1959 జూలై 31న ఈఎంఎస్ ప్రభుత్వం రద్దు.

ఇక్కడే నాకు బూర్గుల మీద పేచీ. ప్రజల మద్దతు పోయిందని గవర్నర్‌కి ఎలా తెలుస్తుంది? రోడ్డు మీద జనాన్ని చూసా? సభలో మెజారిటీ చెక్కుచెదరలేదు, ఒక్క అవిశ్వాసం నెగ్గలేదు. 1954లో మన ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం సభలో ఓటింగ్‌లో ఓడిపోయింది కాబట్టి రాష్ట్రపతి పాలన వచ్చింది, అదొక లెక్క. ఇది అది కాదు. తను ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1952 సెప్టెంబర్‌లో ముల్కీ గొడవలు, అంటే ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న గొడవలు, జరిగాయి, హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో విద్యార్థులు చనిపోయారు, ఊరంతా రోడ్డు మీదే ఉంది. అప్పుడు నిజాం గారు రాజ్‌ప్రముఖ్ హోదాలో ఢిల్లీకి "ఈ ప్రభుత్వానికి జనం మద్దతు పోయింది" అని రాసి ఉంటే బూర్గుల ఒప్పుకునేవాడా? చచ్చినా ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఏమంటారంటే, నిర్ణయం ఢిల్లీది, గవర్నర్ పోస్ట్‌మాన్ అని. నాకు ఆ మాట నచ్చదు. ఏడు భాషల పండితుడిని, ఒక రాష్ట్రాన్ని నడిపిన మనిషిని పోస్ట్‌మాన్ అనడం ఆయనకే అవమానం. రాజీనామా చేసి హైదరాబాద్ వచ్చేయొచ్చు, లేదా అల్లర్లు ఇలా ఉన్నాయి, సభలో బలం మాత్రం అలాగే ఉంది అని ఉన్నదున్నట్టు రాసి నిర్ణయం వాళ్లకే వదిలేయొచ్చు. మనిషి మంచివాడు, సౌమ్యుడు, ఎవరితోనూ గట్టిగా గొడవ పెట్టుకునే రకం కాదు. విలీనం అప్పుడు కూడా అంతే, మొదట ఒక ఉత్తరం, తర్వాత ఢిల్లీ చెప్పిందానికి సరే. ఆ సౌమ్యత్వమే ఢిల్లీకి కావాల్సింది. గవర్నర్‌గా పంపేటప్పుడు చూసే మొదటి అర్హత అదే అని నా అనుమానం.

తర్వాత ఏడు నెలలు మళ్లీ ఆయన పాలనే. 1960 ఫిబ్రవరిలో ఎన్నికలు, కమ్యూనిస్టులకి సీట్లు 60 నుంచి 29కి పడిపోయాయి, ఓట్లు మాత్రం 35 శాతం నుంచి 39కి పెరిగాయి. అంటే "మద్దతు పోయింది" అన్న రిపోర్టుకి ఆ లెక్కలు సగం అవును సగం కాదు అని జవాబిచ్చాయి. పీఎస్‌పీ నాయకుడు పట్టం థాను పిళ్లై ముఖ్యమంత్రి. కాంగ్రెస్‌కి ఎక్కువ సీట్లొచ్చినా చిన్న పార్టీ వాడికి సీఎం పదవి ఇచ్చారు, రెండేళ్లకి ఆయన్ని కూడా గవర్నర్‌గా పంపేసి ఆ కుర్చీ తీసుకున్నారు. మొదట పంజాబ్‌కి, 1964లో ఎక్కడికి అనుకున్నారు, మన ఆంధ్రప్రదేశ్‌కే! బూర్గుల చేతుల మీదుగా ప్రమాణం చేసినాయన హైదరాబాద్ రాజ్‌భవన్‌కి వచ్చాడు. 1967 సెప్టెంబర్‌లో బూర్గుల పోయినప్పుడు ఇక్కడ గవర్నర్ ఆయనే.

1960 జూలై 1న బూర్గులని యూపీకి మార్చారు, యూపీలో ఉన్న వి.వి. గిరిని కేరళకి. ఇద్దరు తెలుగువాళ్లు రాజ్‌భవన్లు మార్చుకున్నారు, ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేరు. లక్నోలో ఫార్సీ, ఉర్దూ వచ్చిన హైదరాబాదీకి ఇంట్లో ఉన్నట్టే ఉండి ఉంటుంది. 1962 ఏప్రిల్ దాకా అక్కడ, ఆ మధ్యలో సంపూర్ణానంద్ పోయి సి.బి. గుప్తా వచ్చాడు, అది కాంగ్రెస్ లోపలి కొట్లాట, గవర్నర్‌కి పనేం లేదు. తర్వాత 1966 దాకా రాజ్యసభ. ఈ భాగం గురించి రాయడానికి ఏమీ లేదు, గవర్నర్ జీవితంలో రాయడానికి ఏమీ లేకపోతే అది మంచి గవర్నర్‌గిరీ అనుకోవాలి.

లక్నో రాజ్‌భవన్ లిస్టు చూస్తుంటే ఇంకో సంగతి దొరికింది. పెద్దమనుషుల ఒప్పందంలో కూర్చున్న ఎనిమిది మందిలో ముగ్గురు యూపీ గవర్నర్లయ్యారు: బూర్గుల, 1967 నుంచి 72 దాకా బెజవాడ గోపాలరెడ్డి, 1974 నుంచి 77 దాకా మర్రి చెన్నారెడ్డి. మధ్యలో హైదరాబాద్ వాడే అక్బర్ అలీ ఖాన్ కూడా ఉన్నాడు. తెలుగు రాష్ట్రం ఎలా ఉండాలో మాట్లాడుకున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి లక్నోలో కూర్చున్నారు.

ఇప్పుడు పీవీ సంగతి. 1992 డిసెంబర్‌లో బాబ్రీ కూలిన తర్వాత పీవీ ప్రభుత్వం మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ బీజేపీ ప్రభుత్వాలని 356 కింద రద్దు చేసింది, మూడు చోట్లా సభలో మెజారిటీ ఉంది. రాజస్థాన్ నుంచి రిపోర్ట్ రాసిన గవర్నర్ మర్రి చెన్నారెడ్డి. అంటే ప్రధాని బూర్గుల దగ్గర జూనియర్ లాయర్, గవర్నర్ బూర్గుల కేబినెట్లో మంత్రిగా చేసినవాడు. ఆ రద్దులు కూడా కలిపే 1994లో సుప్రీం కోర్టు బొమ్మై కేసులో తీర్పిచ్చింది, మెజారిటీ ఉందో లేదో తేల్చాల్సింది సభలోనే గానీ రాజ్‌భవన్‌లో కాదు అని గట్టిగా చెప్పింది, కానీ ఆ మూడు రద్దుల్ని మాత్రం సెక్యులరిజం కారణంగా సరే అంది. ఈఎంఎస్‌కి ఆ రూల్ 35 ఏళ్లు లేటు.

త్రిశ్శూర్ అతనికి ఇదంతా చెప్తే అంతా విని "సరే, ఆయన కౌలుదారీ చట్టం బాగుంది, రిపోర్ట్ బాలేదు" అన్నాడు. నేను కూడా అంతకంటే ఏం అనలేను. చెన్నారెడ్డి తమిళనాడు గవర్నర్‌గా ఉన్నప్పుడు జయలలితతో పెట్టుకున్న తగువు దీనికి పూర్తి రివర్స్, అక్కడ సౌమ్యత అనే మాటే లేదు, ఆమె మీద కేసు పెట్టడానికి సుబ్రమణ్యస్వామికి పర్మిషన్ ఇచ్చేదాకా వెళ్లింది. దాని మీద వచ్చే వారం రాస్తా, మీ ఇళ్లల్లో ఆ రోజుల్లో మద్రాసులో ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే అడిగి కామెంట్లో పెట్టండి.